గెలిచే జట్టులో పన్నెండోవాడు

పుంగనూరు గ్రౌండులో సాయంత్రం ప్రాక్టీసు ముగిసింది. కెప్టెనూ, పోయినేడు ఓపెనింగ్ ఆడిన కుర్రాడూ క్రికెట్ మ్యాటు చుడుతున్నారు.

"ఐదు మ్యాచ్‌లకు ఐదూ గెలిచినాం. ఈ లీగులో మన టౌను ఎప్పుడన్నా ఇట్ల మొదలుపెట్టిందా అన్నా?"

"లేదప్పా. మరి నీకు కోపం యాల?"

"నేను యాడ ఆడినా? మొదటి మ్యాచ్ పొద్దు జొరమొచ్చి గ్రౌండు పక్కన నిలిపిన మన ట్రాక్టర్ ట్రాలీ మీద కూర్చున్నా. జొరం తగ్గి నెలాయ."

"ఆ పొద్దు గెలిచినాం కదా. గెలిచే టీమును ఎవురన్నా మారుస్తారా?"

"పోయినేడు అందరికన్నా ఎక్కువ కొట్టింది నేనే!"

"పోయినేడు మనం అందరికన్నా కింద ఉన్నింటిమి."

"అయితే నన్ను వదిలేయన్నా. మదనపల్లె టీమోళ్లు రమ్మంటాండారు."

"యాడికీ పోవద్దు. నువ్వు ట్రాలీ మీద ఉన్నంతసేపూ మనోళ్లు ఔట్ కారు. మూడో మ్యాచ్‌లో నువ్వు నీళ్లకని దిగినావు, వరసగా ఇద్దరు పోయిరి. టీమంతా సూసింది."

"ఎన్ని కొట్టినావని మాయమ్మ మ్యాచ్ మ్యాచ్‌కీ అడుగుతాది. ఏం చెప్పేది?"

"గెలిచినామని చెప్పు."

"అదే చెప్తాండా. ఒక్కటన్నా ఓడిపోనీ సామీ అని మొక్కుకుందామంటే మనసు రాలా. మన టీమే కదా."

"అట్లుండాల."

"ఎల్లుండి మ్యాచ్ కుప్పంలో కదన్నా. ఆడ మన ట్రాలీ ఉండదు. ఆ ఒక్కటన్నా ఆడించన్నా."

కెప్టెన్ మ్యాటుకు తాడు బిగించి కట్టాడు.

"ట్రాలీ మధ్యాన్నమే బయల్దేరిందప్పా. ఈపాటికి పలమనేరు దాటింటాది."