చెవిలో చెప్పిన మాట

సముద్రం ఒడ్డున ఒక పెద్ద రాయి. పొద్దు వాలుతోంది. రాయి మీద భార్యాభర్తలు. ఎదురుగా, జంటలకు ఫోటోలు తీసి బతికే ఒకతను.

"ఇంకొంచెం దగ్గరికి జరగండి సార్. అమ్మగారికీ మీకూ మధ్య ఇంకో మనిషి పట్టేలా ఉన్నాడు."

"చాల్లేవయ్యా, ఇలాగే తీసెయ్."

"ఇలా తీస్తే బస్సు కోసం కూర్చున్న ఇద్దరిలా ఉంటారు. ఆ రోజు ఇలా కూర్చోలేదు మీరు. అమ్మగారు మీ భుజానికి ఆనుకున్నారు. మీ చెయ్యి ఆవిడ వీపు వెనక నుంచి తిరిగొచ్చి ఇదిగో, ఇక్కడుంది."

"నీకెలా గుర్తుందయ్యా అదంతా?"

"భలేవారే! ఆ ఫోటో ఇన్నేళ్ళుగా నా కొట్టు గుమ్మంలో వేలాడుతోంది సార్. పెళ్ళి కుదిరిన వాళ్ళొస్తారు, కొత్తగా పెళ్ళైన వాళ్ళొస్తారు, అందరూ దాన్ని చూపించి 'మాకూ అచ్చం ఇలాంటిదే తియ్యాలి' అంటారు. మీ నవ్వు పుణ్యమా అని నా పొట్ట గడుస్తోంది. పొద్దున్న పెడల్ బోటు దగ్గర మిమ్మల్ని చూసీ చూడగానే గుర్తుపట్టేశాను."

"మేమే కాదు, ఆ ఫోటో కూడా పాతబడి ఉంటుందిలే నాయనా."

"ఫోటోకేమమ్మా, దానికి వయసు రాదు. ఎండ ఇంకా కంట్లో పడుతోంది, కాస్త దిగాలి. ఈలోపు కొట్టుకెళ్ళి పాత ఫోటోల డబ్బా పట్టుకొస్తా, అందులో చూసి అలాగే కూర్చుందురుగాని. లేవకండి, పోట్లాడుకోకండి!"

"వెళ్ళిరా నాయనా. మా పోట్లాటలన్నీ అయిపోయాయి."

"అతనితో అలా అనాలా నువ్వు?"

"ఏమన్నానండీ? అయిపోయాయనే కదా అన్నాను."

"సరే. ఇంకేం మిగిలింది? పెడల్ బోటెక్కాం. గుర్రమెక్కాం. గవ్వల ఉంగరం కొనిపెట్టాను. మిట్టమధ్యాహ్నమే ఇసకలో బల్ల వేసి కొవ్వొత్తి పెడితే, అది ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుని మరీ తిన్నాం. ఈ ఫోటో ఒక్కటే కదా ఇంక?"

"ఒక్కటే. తొందరగా ఉందా మీకు?"

"తొందరని కాదు. ఆ రోజు చేసినవన్నీ మళ్ళీ ఒక్కసారి చేద్దాం, రేపు పెద్దవాళ్ళ ముందు గొడవ చెయ్యనని నువ్వే అన్నావు."

"చెయ్యను. మాటంటే మాటే."

"ఏం చెప్పాలో గుర్తుంది కదా?"

"ఉంది. 'నాకు పిల్లలు పుట్టరని పెళ్ళికి ముందే డాక్టరు చెప్పాడు. తెలిసీ దాచాను. ఆయన తప్పేమీ లేదు. విడిపోవడం నాకూ ఇష్టమే.' అంతేనా, ఇంకేమైనా కలపాలా?"

"అలా పాఠం అప్పజెప్పినట్టు చెప్పకు."

"మరెలా చెప్పను? ఏడుస్తూ చెప్పనా?"

"అతనింకా రాడేంటి?"

"గుర్రం మీద మీరు నా నడుం పట్టుకున్నారు."

"పడిపోతావని పట్టుకున్నాను."

"తెలుసండీ. ఊరికే అంటున్నాను. పొద్దున్నించీ నేను ఒక్క మాట కోసం చూస్తున్నాను. బోటులో అంటారేమో అనుకున్నాను. గుర్రం దిగాక అంటారేమో అనుకున్నాను. పోనీ, అన్నం తినేటప్పుడైనా..."

"ఏమంటానని?"

"'పద, ఇంటికి పోదాం' అని."

"చూడు..."

"వద్దు, ఇప్పుడు అనక్కర్లేదు. అడిగి అనిపించుకుంటే ఏం బాగుంటుంది?"

"నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? ఆ ఒక్క మాట పెళ్ళికి ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

"చెప్పాను కదండీ. ఇదిగో, ఈ రాయి మీదే చెప్పాను. పెళ్ళికి ఇంకా నెలుందనగా రెండిళ్ళ వాళ్ళం కలిసి వచ్చాం చూడండి, అప్పుడు. నాన్న 'నేను చెప్తాలేమ్మా' అన్నాడు గానీ ఆయనకి నోరు పెగల్లేదు. నేనే చెప్పాలనుకున్నాను. బోటులో చెప్దామంటే మీరు పాటలు అందుకున్నారు. గుర్రం మీద నాకే భయమేసింది. ఇక్కడికొచ్చాక ఈ ఫోటోలాయన 'సార్ చెవిలో ఏదైనా ఒక్క మాట చెప్పండమ్మా, ఆ మొహానికి కళొస్తుంది' అన్నాడు. కళ్ళు మూసుకుని చెప్పేశాను. మీరు నవ్వారు. నన్ను దగ్గరికి లాక్కున్నారు. ఎంత గొప్ప మనసో అనుకున్నాను."

"అలల హోరు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నాకేం వినపడలేదు. ఏదో ముద్దు మాట అన్నావనుకుని నవ్వాను."

"తెలుసులెండి. తప్పు నాదే. అంత మాటని ఇంత హోరులో చెప్పడమేంటి? ఇంటికెళ్ళాక కూర్చోబెట్టి ఇంకోసారి చెప్పాల్సింది. మీరు నవ్వారు కదా అని ఊరుకున్నాను. మొద్దు బుర్ర నాది."

"మళ్ళీ మొదలెట్టకు."

"నా గురించి కాదండీ. నాన్న గురించి. మీ అమ్మగారు 'మోసం చేసి అంటగట్టారు' అని అరుస్తుంటే, మీ హాల్లో కుర్చీ ఉండి కూడా కూర్చోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. 'మా అమ్మాయి చెప్పానంటోంది వదినగారూ' అని ఒక్కసారంటే ఒక్కసారి అన్నాడు. అని మీ వైపు చూశాడు. మీరు..."

"ఇప్పుడవన్నీ దేనికి?"

"'నాకేం తెలీదు మామయ్యగారూ' అన్నారు. అంతే, నాన్న తల దించుకుని వచ్చేశాడు. ఇంక మీ గుమ్మం తొక్కలేదు. పోయే ముందు కూడా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే అడిగాడు. 'నిజంగా చెప్పావా తల్లీ?' అని."

"ఏమన్నావు?"

"'చెప్పాననే అనుకున్నాను నాన్నా' అన్నాను. నా మీద నాకే నమ్మకం పోయిందండీ అప్పటికి."

"అతనొస్తున్నాడు. కళ్ళు తుడుచుకో."

"ఇదిగో సార్ డబ్బా! పేరుకి బిస్కెట్ల డబ్బాయే గానీ ఎన్ని కాపురాలున్నాయో ఇందులో. అరె, అమ్మగారు ఏడ్చారా?"

"కంట్లో ఇసక పడింది నాయనా."

"పడుతుంది, పడుతుంది. ఈ రాయి దగ్గరికొస్తే అందరి కళ్ళలోనూ ఇసకే. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలొచ్చారమ్మా?"

"లేరు."

"అయ్యో. పోన్లెండి, ఒకరికొకరున్నారు. ఇదిగో చూడండి, ఇది అమ్మగారు చెవిలో చెబుతున్నప్పటిది. ఇది సార్ నవ్విన ఫోటో, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. వరసగా మూడు నొక్కాను ఆ రోజు. మధ్యలోది ఇంకోటుండాలి..."

"వెతుకులాట ఎందుకయ్యా, చీకటి పడుతుంది. ఫోటో తియ్యి ముందు."

"తీస్తా సార్, కంగారేంటి? ఆ, దొరికింది. ఇది అమ్మగారు చూడలేదు."

"ఇటివ్వు దాన్ని."

"లాగకండి సార్, చిరుగుతుంది!"

"నాకివ్వు నాయనా. నేను చూస్తాను."

"చూడండమ్మా. ఆ సాయంత్రం ప్రింట్ల కోసం సార్ ఒక్కరే వచ్చారు. దీన్ని చూసి 'చింపెయ్, ఆవిడకి మాత్రం చూపించకు' అన్నారు. మొహం బాగా రాలేదని సిగ్గుపడుతున్నారేమో అనుకున్నా. నాకైతే మూడింట్లోనూ ఇదే నచ్చింది. చింపడానికి చెయ్యి రాలేదు."

"ఏడుస్తున్నారు ఇందులో."

"ఎవరు?"

"మీరే. నేనింకా మీ చెవి దగ్గరే ఉన్నాను, కళ్ళు మూసుకుని. మీ మొహం నాకు కనపడలేదు. మీ కళ్ళ నిండా నీళ్ళు."

"అది... గాలికి ఇసక..."

"ఇసక కాదు సార్! 'ఏమైంది' అని అడగబోయాను నేను. అంతలోకే మీరు కళ్ళు తుడుచుకుని నవ్వేశారు, అమ్మగారిని దగ్గరికి తీసుకున్నారు. ఏం చెప్పిందో గానీ ఈ పిల్లంటే ఈయనకి ప్రాణం అనుకున్నాను. ఏంటమ్మా, సార్ వైపు అలా చూస్తున్నారు? నేనేమైనా... సరే, నేనలా కెమెరా దగ్గరుంటా. మీరు సర్దుకుని పిలవండి."

"విన్నావు."

"ఏంటి?"

"విన్నావు నువ్వు. ప్రతి మాటా విన్నావు."

"నువ్వంటున్నావేంటి నన్ను?"

"విని ఏడ్చావు. విని నవ్వావు. విని పెళ్ళి చేసుకున్నావు. అన్నీ విని 'నాకేం తెలీదు మామయ్యగారూ' అన్నావు!"

"మెల్లిగా... నువ్వంటే ఇష్టమే. ఒట్టు. ఆ రోజు నిజంగానే అనుకున్నాను, పిల్లలు లేకపోతే ఏం, ఇద్దరం చాలని. తర్వాత అమ్మ రోజూ అడగడం, చుట్టాలు ఆరాలు తియ్యడం... తెలిసే చేసుకున్నానంటే అమ్మ నా మొహం చూసేదా? ఆ పూటకి గండం గడిస్తే చాలనుకుని ఒక్క అబద్ధం ఆడాను. తర్వాత దిద్దుకోవడానికి ధైర్యం చాల్లేదు."

"మా నాన్న నీ ఎదురుగా నిలబడ్డాడు."

"తెలుసు."

"నువ్వు కుర్చీలో కూర్చున్నావు."

"తెలుసు. నన్నేమైనా అను. కొట్టు. రేపు నువ్వేం చెప్పక్కర్లేదు. అందరి ముందూ నేనే చెప్తాను."

"ఎవరికి చెప్తావు? మా నాన్నకి చెప్తావా?"

"సార్! ఎండ సరిగ్గా దిగింది, ఇప్పుడు తియ్యకపోతే ఇంక రేపే! ఆ, అలా దగ్గరగా... బాగుంది. ఆ రోజు అమ్మగారు చెప్పారు కదా, ఈసారి మీ వంతు సార్. ఆవిడ చెవిలో ఏదైనా ఒక్క మాట చెప్పండి."

"పద, ఇంటికి పోదాం."

"ఏమన్నారు? అలల హోరు కదండీ. వినపడలేదు."