గడపలో మేకు

ఖిదిర్‌పూర్‌లో మేట్నీ వదిలేసరికి ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి ట్రాము ఆగిపోయింది. వాట్‌గంజ్‌లోని ఇంటికి నడిచినంతసేపూ ఆవిడ ఆ దయ్యం సినిమాని ఉతికి ఆరేస్తూనే ఉంది. ఓడల డాకులో కూలీ అయిన మొగుడికి మాత్రం లోలోపల సంబరంగా ఉంది. ఏడాది తరవాత పెళ్లాం నోరు విప్పింది మరి.

“తల్లి ఏసం కట్టినామెను సూసినావా, మావా? కొడుకు పోయినా కాటిక సెదర్నేదు!”

“ఈరోయిన్ కదే. కాటిక సెదిరితే సినిమాకెవుడొస్తాడు?”

“తండ్రి ఏసగాడో? పీనుగ పక్కన కూకుని విగ్గు సర్దుకుంతన్నాడు.”

“దయ్యం ఏసిన గుంటడే నయం. బాగా బయపెట్టినాడు.”

“బయమేటి? ఆకలేసి అమ్మ దగ్గిరికొచ్చినాడు. ముద్ద పెట్టకుండా మంత్రగాణ్ణి పిలిసి సీసాలో పెట్టి బిరడా కొట్టించినారు. కన్నోలేనా ఆలు?”

“దయ్యాన్ని ఎవులైనా ఇంట్లో ఎట్టుకుంతారేటే?”

ఆవిడ ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది. నిరుడు డాకులో క్రేన్ తాడు తెగి సరుకు మీద పడి ఒక్కగానొక్క కొడుకు పోయాడు. వాడి ఆత్మ తిరిగి ఇంట్లోకి రాకుండా ఈ గడపలో ఇనప మేకు కొట్టించింది అతనే. ఆ సంగతి అతనికి ఇప్పుడు గుర్తొచ్చి, గబగబా తలుపు తీశాడు.

“ఏటే, లోనికి రా.”

“ఆ విగ్గోడికే కాదు, నీకూ తండ్రి ఏసం కుదర్నేదు, మావా. ముందు ఆ మేకు పీకీ. నాను ముగ్గురికి వండుతాను.”