ఎడమ కాడ

ఈ స్పీచ్ నేను చదవను మేడమ్. ఎన్నిసార్లు తిప్పి రాసుకొచ్చినా చదవను. మీటింగు రేపేనని నాకూ తెలుసు. పిల్లల మెదడులో గడ్డలకి మందు కనిపెట్టాలి, దానికి విరాళాలు రావాలి, పిల్లని పోగొట్టుకున్న తండ్రి మైకు ముందు ఏడిస్తే జనం కరుగుతారు. అంతే కదా? కాదనట్లేదు.

కూర్చోమంటారేంటి? కూర్చుంటే ఊపిరాడదు నాకు. మీరు కూర్చోండి, నేనీ అద్దాలు తుడుచుకుంటా.

ఇదిగో, ఈ లైను. 'కళ్లజోళ్ల షాపు నడిపే ఈ తండ్రి కూతురి జబ్బుని అందరికంటే ముందు పసిగట్టాడు.' ఎవరు చెప్పారు మీకు? మా ఆవిడేగా! పిల్ల పోయి ఏడాదైంది, కనబడినవాళ్లందరికీ అదే చెప్తోంది పిచ్చిది.

పొద్దున లేస్తూనే తలనొప్పి అనేది పిల్ల. కళ్లజోడు నంబరు మార్చా. అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి నాన్నా అంది. మళ్లీ మార్చా. ఇరవై ఏళ్ల అనుభవం కదా, నాకు తెలీనిదేముందని పొగరు.

తర్వాత జోడు ఓ పక్కకి వాలుతోందంది. ఎదురుగా కూర్చోబెట్టి చూశా. నిజమే. చెవికి తగిలించే ఎడమ కాడ కాస్త వేడిచేసి వంచా, సరిపోయింది. నెల తిరక్కుండా మళ్లీ వాలింది. మళ్లీ వంచా. అలా నాలుగుసార్లు.

వాలింది జోడు కాదు మేడమ్, పిల్ల తల. రెండుగా కనబడేదాన్ని ఒకటి చేసుకోడానికి తల వంచి చూసేది. అదే బయటి పిల్లైతే పెద్దాసుపత్రికి పొమ్మనేవాణ్ణి కానూ!

ఇదిగో ఆ జోడు. బల్ల మీద పెడితే చూడండి, ఎలా ఒరిగిపోతోందో.

చివరికి బడి మెట్ల మీద పడిపోయింది. అప్పుడు ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తా. మా ఆవిడ చూసింది అదొక్కటే, నేనే ముందు కనిపెట్టాననుకుంది.

ఆర్నెల్లు ముందు తెస్తే బతికేదా అని డాక్టర్ని చాటుగా అడిగా. "ఏమో. దీనికింకా మందే లేదు" అన్నాడు. ఆ 'ఏమో' పట్టుకునే తింటున్నా, పడుకుంటున్నా.

మీ మందు రావాలి, ఒట్టు. కానీ ముందే తెస్తే నయమవుతుందని తేలిన రోజు, నాకా 'ఏమో' కూడా మిగలదు. అందుకే ఇన్నాళ్లూ మీ ఫోనెత్తలేదు.

సరే, వస్తా. కాగితం వద్దు, ఈ జోడు తెచ్చి చూపిస్తా. ఒక్క సాయం చెయ్యండి. మా ఆవిడకి మొదటి వరసలో కుర్చీ వేశారట కదా? చివరి వరసలో వేయించండి. నాకు దూరం చూపు ఆనదు, తన మొహం కనబడదు.