పైకి లేచే తలుపు

రోడ్డు పక్క గుంటలో కారు బోర్లాపడి ఉంది. లోపల బెల్టుకు తలకిందులుగా వేలాడుతున్న బావమరిది, తన షాపులో ఆ కారుకు పైకి లేచే తలుపులు బిగించిన బావకే ముందుగా ఫోన్ చేశాడు.

"పైకి లేచే తలుపు ఇప్పుడెలా లేస్తుందిరా? దాని పైన నేలుంది."

"మరెలా తియ్యాలి బావా?"

"అరవకు. ఎక్కడ పడ్డావ్?"

"మీ షాపు దాటాక మలుపులోనే."

"ఎవరెవరికి చెప్పావ్?"

"నీకే. తలుపు సంగతి నీకే కదా తెలుసు."

"అక్కకి?"

"లేదు, కంగారుపడుతుందని. బావా, పెట్రోలు వాసనొస్తోంది."

"చెప్పకపోవడమే మంచిదైంది. అంబులెన్సు వాళ్ళకి నేను చేస్తాలే. నువ్వు లైను కట్ చెయ్యకు."

"అద్దం పగలగొడదామంటే కుడిచెయ్యి విరిగింది. ఎడంచేత్తో ఎంత కొట్టినా చెక్కుచెదరట్లేదు."

"ఊరికే కొట్టకు, ఆయాసమొస్తుంది."

"కారు పల్టీ కొడితే ఎలా బావా అని ఆ రోజే అడిగానా లేదా?"

"అడిగావ్. శుభమా అని తలుపులు పెట్టించుకుంటూ ఆ పాడు మాటలేంటన్నా."

"తర్వాత ఎర్రతాడు చూపించావ్. లాగితే కీలు విడిపోయి తలుపు మొత్తం రాలిపోతుందన్నావ్."

"అన్నా."

"లాగా."

"లాగావా?"

"లాగా బావా! తాడొక్కటే చేతికొచ్చింది. రెండో కొసకి ముడి కూడా లేదు!"

"ఉండదురా. అది దేనికీ కట్టలేదు."

"కట్టలేదా?"

"విడిపోయే కీళ్ళు మన దగ్గరెక్కడివి? నువ్వు భయపడుతున్నావని వేలాడదీశా. ఏడ్చే పిల్లాడి చేతిలో తాయిలం పెట్టినట్టు."

"సొంత బావమరిదిని కదా!"

"అందుకే పెట్టా. పరాయివాడికైతే ఆ తాడు కూడా దండగే."

"బావా, తిట్టను. ఏమీ అనను. అక్కకి కూడా చెప్పను, ఒట్టు. కళ్ళు తిరుగుతున్నాయి. బయల్దేరావా?"

"వస్తున్నా వస్తున్నా."

"అంబులెన్సు?"

"వస్తుందిరా. మాట్లాడుతూ ఉండు."

"చచ్చిపోతానా బావా?"

"ఛ, ఏం మాటలవి."

"ఆగు ఆగు... ఎవరో వచ్చారు బావా! వెనకద్దం మీద గోకుతున్నారు! అయ్యా! ఇక్కడ! లోపలున్నా! ఎవరండీ అది!"

"అరవకన్నానా. నేనేరా. షాపు పేరున్న స్టిక్కరు ఊడి చావట్లేదు. ఇది వచ్చేస్తే అంబులెన్సుకి ఫోన్ చేస్తా."