తలుపు సగమే తెరిచిన టైలరమ్మ

సర్కారు క్వార్టర్స్, మూడో అంతస్తు, మిట్టమధ్యాహ్నం. ఇళ్ల ఆఫీసు నుంచి వచ్చిన మేడమ్ గుమ్మం బయట, బట్టలు కుట్టుకు బతికే టైలరమ్మ లోపల.

"ఏం లేదు మేడమ్. ఏదో నోరు జారాను. కంప్లైంటు వెనక్కి తీసేసుకుంటున్నా."

"నోరు జారారా? మొన్న నా బల్ల ముందు కూర్చుని ఏడ్చింది మీరే కదమ్మా?"

"కంట్లో నలక పడింది."

"రెండు కళ్లలోనా? కింది వాటా జిమ్ము బాబు, వాడి మంద మెట్ల మీద తాగి కూర్చుంటున్నారు, మా పిల్లని కాలేజీకి కదలనివ్వట్లేదు అన్నారుగా?"

"మందేంటి మేడమ్, కుర్రాళ్లు. సరదాకి కూర్చుంటారు. బాబుగారు చాలా మంచివారు."

"బాబుగారా! మొన్న 'ఆ వెధవ' అన్నారు."

"తప్పే. తప్పే అన్నాను."

"గడియ దగ్గర చెక్క చీలిందేంటి?"

"చెదలు మేడమ్."

"చెదలు బూట్లేసుకుని తిరుగుతాయా? ఇదిగో, బూటు ముద్ర. పక్కకి జరగండి. లోపల కప్పు కారుతోందని కూడా ఏడాదిగా మొత్తుకుంటున్నారుగా, అదీ చూస్తాను."

"వద్దు! వద్దు మేడమ్. బట్టలన్నీ పరిచి ఉన్నాయి. ఇంకోసారి రండి."

"మిషను చప్పుడే లేదే?"

"ఇవాళ కుట్టట్లేదు. చెయ్యి నొప్పి."

"నా మొహం చూసి చెప్పండి. భయపడుతున్నారా?"

"భయమా? ఎవరికి? బాబుగారి అండ ఉండగా భయమేంటి... మేడమ్, ఒక్క సాయం. మా అమ్మాయిని గేటు దాకా తీసుకెళ్లండి. దారం అయిపోయింది."

"చెయ్యి నొప్పన్నారు, దారమెందుకు?"

"రేపటికి ఇవ్వాల్సినవి ఉన్నాయి. తల్లీ, రా! చెప్పులేసుకో. మేడమ్ చెయ్యి పట్టుకుని వెళ్లు."

"నేను వెళ్లనమ్మా."

"వెళ్లమన్నానా? వెనక్కి చూడకు. వెళ్లు!"

మెట్ల మలుపులో మేడమ్, ఆ అమ్మాయి ఇద్దరే.

"ఇంత పెద్ద పిల్లవి, నా చెయ్యి ఇంత గట్టిగా పట్టుకున్నావేంటమ్మా? దారం ఏ రంగు తెమ్మంది?"

"దారం లేదు, ఏం లేదు ఆంటీ. మెల్లగా మాట్లాడండి. వాడు మా వంటింట్లో ఉన్నాడు."

"ఎవరు?"

"జిమ్ము బాబు. ఇందాకే తలుపు తన్ని లోపలికొచ్చాడు. 'ఆఫీసామె వస్తే వెనక్కి తీసుకున్నానని చెప్పు, లేకపోతే నీ కూతురు కాలేజీ మొహం చూడదు' అన్నాడు."

"ఓరి దుర్మార్గుడా! ఇదిగో నా ఫోను. పోలీసులకి చెయ్యి. గేటు దగ్గర ఎవరు కనబడితే వాళ్లని కేకేసి పైకి పంపు."

"మీరు?"

"నేను మీ అమ్మ దగ్గరికి. పరుగెత్తు!"

మళ్లీ అదే గుమ్మం.

"టైలరమ్మా! తలుపు తీయండి. గొడుగు మర్చిపోయాను."

"ఇక్కడ లేదు మేడమ్. వెళ్లిపోండి."

"ఉంది. మీరే బయటికొచ్చి వెతికి పెట్టండి."

"ఏయ్, దాన్ని పొమ్మను!"

"ఓహో, మగ గొంతు. బాబుగారేనా? మీరూ రండి బయటికి."

"ఇదిగో, తలుపు తీశా. ఆఫీసమ్మా, మర్యాదగా తప్పుకో."

"తప్పుకుంటా. ముందు ఆమె చెయ్యి వదులు. మెట్ల మీద ఆ చప్పుడు వినబడుతోందా? కింద వాళ్లందరూ పైకొస్తున్నారు. పోలీసులూ దారిలో ఉన్నారు."

"జనమంట, జనం! ఒక్కడు నోరెత్తడు..."

"ఎత్తుతాం రా! ఆవిణ్ణి వదులు!"

"అన్నా, మీరు కూడానా..."

"నేనే కాదు, మా ఆవిడ కూడా వచ్చింది. చీపురుతో!"

పోలీసులు వాణ్ణి జీపెక్కించాక, గేటు పక్క అరుగు మీద.

"కాసిని నీళ్లు తాగండమ్మా. చెయ్యి చూపించండి. ఎంత వాచిందో!"

"పిల్ల బయటపడితే చాలనుకున్నా మేడమ్. మీరు తిరిగొస్తారనుకోలేదు. మీ మేలు మర్చిపోలేను."

"ముందు వాడి మీద గట్టిగా రాయించి మా సార్‌కి ఇస్తాను. వాడితో ఇల్లు ఖాళీ చేయించే బాధ్యత ఆయనది. అవునూ, నేనిక్కడికి వస్తున్నట్టు ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదే. వీడికెలా తెలిసింది?"

"వద్దులెండి మేడమ్, అడక్కండి."

"చెప్పండమ్మా, ఇంకా భయమెందుకు?"

"ఆయనే ఫోన్ చేశారు మేడమ్. వాడు స్పీకర్లో పెట్టి మాకూ వినిపించాడు. 'మా మేడమ్ బయల్దేరింది, నాలుగు మాటలు చెప్పించి పంపించేయ్ అల్లుడూ' అన్నారు."