సెల్విన్ పెట్టిన సున్నం గుర్తులు

ఎస్తరమ్మా, ఊరిగాం పెద్దలారా, గని కుటుంబాల అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా!

ఈ చర్చి హాలు నిండిపోయింది. బయట మెట్ల మీద కూడా నిలబడి ఉన్నారు. ఆరు నెలలుగా ఇందులో సగం మందిమి సెల్విన్‌తో మాట మానేసినవాళ్లమే. గురువారం పొద్దున మాలూరు స్టేషన్‌లో రైలు దిగుతూ గుండె ఆగి పోయాడు. ముప్పై తొమ్మిదేళ్లు. ఇప్పుడు వచ్చాం అందరం, పూలు పట్టుకుని!

నేను పురుషోత్తమ్. మన ఊపిరితిత్తుల క్లినిక్ నడిపే ట్రస్టుకు కార్యదర్శిని. అక్కడి సర్వర్‌ను, అంటే మీ అందరి ఎక్స్‌రేలు, రిపోర్టులు ఉండే కంప్యూటర్‌ను, తొమ్మిదేళ్లు కాపాడింది సెల్విన్.

ఎట్లా కాపాడాడు? వాళ్ల నాయన అమృతరాజు గనిలో పనిచేసే రోజుల్లో కొడుక్కి ఒక మాట చెప్పేవాడట. "లోపల చీకట్లో ఎవురన్నా ఇట్లా రాప్పా అని పిలిస్తే పోవద్దు. తెలిసిన గొంతైనా పోవద్దు. మేస్త్రి గోడకు పెట్టిన సున్నం గుర్తు చూసి పో." గనులు మూతపడ్డాయి. అమృతరాజు దుమ్ము నిండిన ఊపిరితోనే పోయాడు. ఆ మాట మాత్రం కొడుకు దగ్గర ఉండిపోయింది.

నెట్‌వర్క్‌లో ఏ కంప్యూటరైనా మన సర్వర్‌కు "ఆ దారి కాదు, నా వైపు పంపు" అని చెప్పవచ్చు. దొంగదీ చెప్పవచ్చు. సెల్విన్ ఆ మాట వినకుండా సెట్టింగులు మార్చాడు. రావలసిన దారిన రానిదాన్ని లోపలికి రానివ్వలేదు. "సార్, దారి నేను రాసి పెట్టినాను. ఇంగ ఎవురు చెప్పినా అది వినదు" అని నవ్వాడు. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని అనుకోనూ లేదు.

పోయిన ఏడాది రెండో ఇంటర్నెట్ లైను వేయించాం. రెండు లైన్లకూ ఆ సెట్టింగులు కుదరక మాలూరులో మేం తెరవబోతున్న శాఖకు రిపోర్టులు వెళ్లకుండా ఆగిపోయాయి. "రెండు దినాలు టైమియ్యండి సార్, సరిచేస్తాను" అన్నాడు. మర్నాడే శాఖ ప్రారంభోత్సవం, పెద్దవాళ్లు వస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. అవన్నీ తీసిపారెయ్ అన్నాను. వినండమ్మా, బాగా వినండి. అన్నది నేను! తర్వాత మళ్లీ పెడతానని మూడుసార్లు అడిగాడు. పని నడుస్తోంది కదా, ముట్టుకోవద్దన్నదీ నేనే. అతను పెట్టిన సున్నం గుర్తులు చెరిపించింది నేనే.

నెల తిరగలేదు. వైరస్ పట్టిన ఆఫీసు కంప్యూటర్ ఒకటి తప్పుడు దారి చెప్పింది, సర్వర్ నమ్మింది. మీ రిపోర్టులు బయటివాళ్ల చేతిలో పడ్డాయి. ఊపిరి చెడిందని వాటివల్ల తెలిసి, పని ఇచ్చిన యజమానులే మనవాళ్లను పద్నాలుగు మందిని పనిలోకి రావద్దన్నారు. విచారణలో సెల్విన్ ఒకే మాట అన్నాడు. "తెరిచింది నా చెయ్యే సార్." నా వైపు చూడనైనా లేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అతని ఉద్యోగం పోయింది, నా కుర్చీ నాకు మిగిలింది.

ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? పద్నాలుగు ఇళ్లకూ నడిచి వెళ్లాడు. "తప్పు నాదన్నా" అని చెప్పి వచ్చాడు. సొన్నప్పా, ఆ ఇళ్లలో నీదీ ఒకటి. నువ్వు తలుపేసింది ఏ తప్పూ చేయని మనిషి ముఖం మీద. వేయాల్సింది నా ముఖం మీద.

ఎస్తరమ్మా, మీ బిడ్డ నిర్లక్ష్యం చేయలేదు. ఇదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, పొద్దున్నే ట్రస్టుకు ఇచ్చాను. అతను బతికుండగా ఇవ్వలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు.

ఇక అందరం లేచి, సెల్విన్ కోసం కాసేపు మాట లేకుండా నిలబడదాం. సొన్నప్పా, నువ్వూ లే. ఎస్తరమ్మా, మీరు లేవొద్దు, కూర్చోండి. మీ ముందు నిలబడాల్సింది మేము.