పెరటి గడియ

ముప్పై ఏళ్లుగా పెరటి తలుపు తోసుకుని వచ్చే పక్కింటావిడ ఆ రోజు వానలో తడుస్తూ వచ్చి వీధి తలుపు తట్టింది. తీసిన ఇంటావిడకు ఆమె ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

"పెరటి గడియ పెట్టేశావేంటమ్మా?"

"ఎదురింటి మావిస్ ఇంట్లో దొంగలు పడ్డారుగా. మన వీధిలో ఇది నాలుగోది. పోలీసులు ఫోన్లోనే ఓ కేసు నంబరిచ్చి ఊరుకున్నారట."

"ఇంగ్లండు మొత్తంలో ఇంత నిమ్మళమైన ఊరు లేదని మొన్నే పేపర్లో వేశారు."

"వేస్తారు, వాళ్లదేం పోయింది! నాకు కంటిమీద కునుకు లేదు. కూర్చో, టీ పెడతాను."

"వద్దులే."

"కోపమొచ్చిందా? దొంగల భయంతో పెట్టాను గానీ, నీమీద అనుమానంతోనా?"

"నీ పెరట్లోకి మా పెరట్లోంచి తప్ప దారి లేదు. మరి ఆ గడియ ఎవరికి పెట్టినట్టు?"